రెండో ట్యాంకు ఎవరి కోసం బిగిస్తున్నం?



ఈ మధ్య మా జహీరాబాద్ దిక్కు ఒక కొత్త ముచ్చట నడుస్తున్నది. పాత డీజిల్ పికప్ కొనాలె. అది ఫోర్ బై ఫోర్ అయి ఉండాలె. కొన్న వారం తిరగకముందే వెల్డింగ్ షాపుకు తీసుకపోయి కింద రెండో డీజిల్ ట్యాంకు బిగించాలె. హోటల్ కాడ, సొసైటీ కాడ ఇదే మాట. ముప్పై ఏండ్ల పిల్లలు మాట్లాడితే సరే అనుకోవచ్చు, నా ఈడోళ్లు కూడా అదే అంటున్నరు. అందుకే ఇంత పొడుగు రాస్తున్న. ఓపిక పట్టి చదవండ్రి. నా మాట తప్పయితే లెక్క చూపించి తప్పనండ్రి.

ముందే చెప్తున్న, నేను బండికి వ్యతిరేకిని కాదు. అల్లం పీకినంక, ఆలుగడ్డ తవ్వినంక మార్కెట్‌కు ఏయాల్టికి ఆయాల్ట పోవాలె. కిరాయి బండి దొరకక సరుకు గట్టు మీద వాడిపోతే కడుపు ఎంత మండుతదో నాకు తెలుసు. పాత పికప్ కొంటే తప్పు లేదు. నా కొట్లాట రెండింటి మీదనే. ఒకటి, అవసరం లేని ఫోర్ బై ఫోర్ మోజు. రెండు, ఆ కింద వెల్డింగ్ కొట్టించే రెండో ట్యాంకు. మొదటిది జేబు కోస్తది. రెండోది మనుషుల్ని కాలుస్తది.

ఈ మోజు ఎక్కడి నుంచి వచ్చిందంటే, ఫోన్ల వీడియోల నుంచి వచ్చింది. ఆస్ట్రేలియా రైతులు ఇట్లాంటి పికప్‌ను 'యూట్' అంటరు. పాతది కొంటరు, ఎక్కువ డీజిల్ పట్టే ట్యాంకు ఎక్కిస్తరు, వీడియో పెడ్తరు. చూడ్డానికి బాగనే ఉంటది. కానీ వాళ్ల దేశం చూడండ్రి. అక్కడ అన్నా క్రీక్ అని ఒక పశువుల ఫారం ఉన్నది. ఆ ఒక్క ఫారమే మన పాత మెదక్ జిల్లా మొత్తం కంటే పెద్దది. కానింగ్ స్టాక్ రూట్ అని ఎడారిల ఒక బాట ఉన్నది, సుమారు 1,850 కిలోమీటర్లు. దాని మీద పోయేటోళ్లు ముందే ఫోన్ చేసి, మధ్యల ఫలానా కాడ మాకు డీజిల్ డ్రమ్ములు దింపిపెట్టండి అని చెప్పుకుంటరు. అక్కడ టయోటా ల్యాండ్ క్రూయిజర్ పికప్‌కు కంపెనీ వాడే 130 లీటర్ల ట్యాంకు ఇస్తడు. నడి ఎడారిల డీజిల్ అయిపోతే అక్కడ ప్రాణం పోతది. వాళ్లకు ట్యాంకు అవసరం.

ఇంకో సంగతి వీడియోల కనబడదు. వాళ్లు కూడా రేకు వంచి వెల్డింగ్ కొట్టి బిగించరు. ఆ బండి మోడల్ కోసమే, అక్కడి రూల్ ప్రకారం తయారైన ట్యాంకు కొంటరు. బండి మొత్తం బరువు ఎంత దాటొద్దో కిలోలతో లెక్కేసుకుంటరు.

మనకేమున్నది? జహీరాబాద్ నుంచి హైదరాబాద్ వంద కిలోమీటర్ల పైచిలుకు. 65వ నంబర్ హైవే పొడుగునా ఎన్ని బంకులున్నయో మీరే చెప్పండ్రి. పికప్‌కు కంపెనీ ట్యాంకు 50, 60 లీటర్లు ఉంటది. లీటరుకు 12 కిలోమీటర్లు ఇచ్చినా, 60 లీటర్లకు 720 కిలోమీటర్లు. అంటే హైదరాబాద్ మార్కెట్‌కు మూడుసార్లు పోయి రావచ్చు. ఇంక రెండో ట్యాంకుతోని ఎక్కడికి పోతం?

సరే, ట్యాంకు కావాలనేటోళ్లు, ఫోర్ బై ఫోర్ కావాలనేటోళ్లు మూడు మాటలు చెప్తరు. ఒక్కొక్కటి చూద్దాం.

మొదటి మాట: "మా పొలం బాట బురద, మామూలు బండి దిగబడ్తది."

నిజమే. నల్లరేగడిల వానపడితే ఎడ్లబండి కూడా దిగబడ్తది. కానీ ఏడాదిల అట్ల ఎన్ని రోజులుంటది? ఆ రోజులల్ల ఊరంతా చేసే పనే ఉన్నది కదా. పికప్‌ను మొరం బాట మీద ఆపి, సరుకు ట్రాక్టర్ల అక్కడి దాకా తెస్తం. ఆ కొద్ది రోజుల కోసం ఏడాదంతా ఫోర్ బై ఫోర్ సామాను మోసుకుంట తిరగాల్నా? ముందటి యాక్సిల్‌కు ఒక డిఫరెన్షియల్, మధ్యల ట్రాన్స్‌ఫర్ కేస్, ఇంకో షాఫ్ట్, ఇంకిన్ని బేరింగులు, ఆయిల్ సీళ్లు. ఇవన్నీ బరువే, ఇవన్నీ అరిగేటివే. పాత బండిల ఒక్క ట్రాన్స్‌ఫర్ కేస్ ఖరాబైతే సామాను కోసం హైదరాబాద్ పాత సామాన్ల దుకాణాలు తిరుగుకుంట రెండు వారాలు పోతయి. ఆ రెండు వారాలు అల్లం సీజన్ల పడితే ఏమైతదో చెప్పాల్సిన పని లేదు.

ఇంకోటి చాలామందికి తెల్వదు. ఈ పాత పికప్‌లల్ల ఉండే ఫోర్ బై ఫోర్ ఎండిన తారు రోడ్డు మీద వేసి నడిపేది కాదు. మలుపు తిరిగినప్పుడు ముందు చక్రాలు, వెనుక చక్రాలు ఒకే దూరం తిరగవు. బురదల అయితే చక్రం జారి సర్దుకుంటది. తారు మీద జారదు, ఆ ఒత్తిడి అంతా గేర్ల మీద, షాఫ్ట్ మీద పడ్తది. మొన్న ఒక పిల్లగాడు "పట్టు మంచిగుంటదని" హైవే మీద కూడా ఫోర్ బై ఫోర్ల పెట్టే నడుపుతున్నడు. మెకానిక్‌కు పండుగ.

ఆ బాట మీద పదిహేను, ఇరవై మంది రైతులం ఉంటం. తలా ఇంత వేసుకుని మొరం కొట్టిస్తే అందరి బండ్లూ పోతయి, ఎడ్లూ పోతయి, బడి పిల్లలూ పోతరు. బాట బాగు చేసుకోక, బాటకు తగ్గ బండి కొంటమనడం ఏం తెలివి? అడవుల గుట్టల మీద గూడేలల్ల, వాగు దాటితే గాని ఊరు రాని చోట్ల ఉన్నోళ్లకు ఈ మాట వర్తించదు. వాళ్లకు ఫోర్ బై ఫోర్ అవసరమే. మన మైదానం ఊళ్ల సంగతి నేను చెప్తున్న.

రెండో మాట: "బార్డర్ అవతల డీజిల్ సస్త. రెండు ట్యాంకులు నింపుకొస్తే మిగుల్తది."

ఇది మా దిక్కు గట్టి మాట. మన దగ్గర డీజిల్ మీద వ్యాట్ 27 శాతం. కర్ణాటకల 21 శాతం చిల్లర. అందుకే బీదర్ దిక్కు లీటరుకు నాలుగైదు రూపాయలు తక్కువ ఉంటది. ఐదు రూపాయలే పట్టుకుందాం. వంద లీటర్ల రెండో ట్యాంకు నింపితే మిగిలేది 500. బంకు పోను రాను 60 కిలోమీటర్లు అనుకుంటే, ఐదు లీటర్ల డీజిల్ కాల్తది, అక్కడి రేటుతోనే 450 పైన. మిగిలింది యాభై రూపాయలు కూడా కాదు. రెండు చాయలు, రెండు మిర్చీలు. దాని కోసం సగం పూట.

"నేను డీజిల్ కోసమే పోను, బీదర్ మార్కెట్‌కు ఎట్లాగూ పోత" అంటవా? మంచిది తమ్మి. అప్పుడు కంపెనీ ట్యాంకు నింపుకో, 60 లీటర్లకు 300 మిగులుతయి, ఎవ్వరూ ఏమనరు. రెండో ట్యాంకుకు వెల్డింగ్, పైపులు, వాల్వు, పంపు కలిపి 15 వేలు పెట్టినవనుకో. ట్రిప్పుకు 500 చొప్పున 30 ట్రిప్పులు పోతే గాని దాని ఖర్చు రాదు. మధ్యల దాని బరువు ఒకటున్నది. డీజిల్ లీటరు దగ్గరదగ్గర 830 గ్రాములు తూగుతది. వంద లీటర్లు 83 కిలోలు, రేకు, క్లాంపులు కలిపితే క్వింటాల్ దాటుతది. నింపుకున్న ప్రతి ట్రిప్పుకు క్వింటాల్ అల్లం తక్కువ ఎక్కుతది. లేదంటే క్వింటాల్ ఓవర్‌లోడ్. డీజిల్ మిగిలింది చూస్తున్నవు, సరుకు తగ్గింది చూస్తలేవు.

మూడో మాట: "సీజన్ల డీజిల్ దగ్గర ఉండాలె. బంకోడు క్యాన్లల్ల పొయ్యడు."

ఈ మూడింట్ల ఇదొక్కటే నిజమైన బాధ. రాత్రి పదింటికి ట్రాక్టర్ ఆగిపోతది, వాన మబ్బు ముంచుకొస్తది, బంకు పది కిలోమీటర్లు. క్యాన్ పట్టుకపోతే బంకు పిలగాడు అడ్డం తిప్పుతడు. ఆ కోపం నాకూ ఉన్నది. కానీ దానికి మందు బండి కింద లేదు. దీని సంగతి చివరికి చెప్త.

ఇప్పుడు అసలు భయం సంగతి.

కంపెనీ ట్యాంకు అంటే ఒట్టి డబ్బా కాదు. లోపల అడ్డ రేకులుంటయి, మలుపుల డీజిల్ ఒక్కసారి ఒక దిక్కు ఊగకుండ. గాలి పోయే దారి ఉంటది. సైలెన్సర్‌కు ఎంత దూరం ఉండాలె, గుద్దుకుంటే ఎటు వంగాలె, అన్నీ చూసి పెడ్తరు. మన వెల్డింగ్ షాపుల చేసేది ఏంది? రేకు వంచి నాలుగు మూలలు కొడ్తరు. అడ్డ రేకులుండవు. వంద లీటర్లు సగం నిండి ఉన్నప్పుడు మలుపు కొడితే ఆ బరువంతా ఒక పక్కకు ఒరుగుతది. పైన లోడ్, కింద ఊగే నూనె. బండి పడితే ఎవరిని అడగాలె?

తుప్పు పట్టొద్దని కొందరు జీఐ రేకుతో చేయిస్తున్నరు. జీఐ రేకు మీద ఉండేది జింకు. డీజిల్‌కు, జింకుకు పడదు. అది మెల్లగ డీజిల్ల కలిసి ఫిల్టర్ల, ఇంజెక్టర్ల జిగటగ పేరుకుంటది. కామన్ రైల్ ఇంజన్ల ఇంజెక్టర్ రంధ్రం వెంట్రుక కంటే సన్నగుండొచ్చు. నాలుగు ఇంజెక్టర్లు పోతే ఎంతైతదో ఒకసారి డీజిల్ పంపు మెకానిక్‌ను అడగండ్రి. ఇంకోటి, ఇంజన్ వాడగ మిగిలిన డీజిల్ వేడిగ మళ్లీ ట్యాంకుకే తిరిగి వస్తది. రెండు ట్యాంకులు పెట్టి రిటర్న్ పైపు ఒకదానికే ఇస్తే, ఒక ట్యాంకుల నుంచి గుంజి ఇంకో దాంట్ల పోస్తది. నిండినంక ఎక్కడికి పోతది? రోడ్డు మీదికి, సైలెన్సర్ మీదికి.

ఆ బండి మీద ఎవరు కూర్చుంటరో కూడా చెప్పుకుందాం. సామాను బండిల మనుషుల్ని ఎక్కించొద్దని చట్టమున్నది. మనం ఎక్కిస్తున్నమా, లేదా? పొద్దుగాల ఆరింటికి పత్తి ఏరేటందుకు, కలుపు తీసేటందుకు పదిహేను మంది ఆడోళ్లను వెనుక నిలబెట్టి తీసుకపోతున్నం. ఇది ఊరంతా చేస్తున్న తప్పు, దాని మీద ఇంకో నాడు రాయాలె. కానీ ఆ పదిహేను మంది కాళ్ల కింద, ఎవడో అందాజగా కొట్టిన వెల్డింగ్ మీద వంద లీటర్ల డీజిల్ వేలాడుతుంటే? డీజిల్ పెట్రోల్ లెక్క గబుక్కున అంటుకోదు, నిజమే. వేడి సైలెన్సర్ మీద కారితే, గుద్దుకుని చిట్లితే అంటుకుంటది. అంటుకున్నంక ఆరదు. ఆ తల్లులు నీ ట్యాంకు చూసి బండెక్కలేదు. కూలి కోసం ఎక్కిన్రు.

చట్టం మాట కూడా వినండ్రి. మోటారు వాహనాల చట్టం 1988ల 52వ సెక్షన్ ఉన్నది. కంపెనీ చేసిన తీరుకు భిన్నంగ బండిని మార్చొద్దని దాని సారం. 2019 జనవరిల సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగ చెప్పింది. అదే ఏడు చట్టాన్ని సవరించి, అనుమతి లేని ఒక్కో మార్పుకు ఓనర్‌కు 5 వేల జరిమానా, లేదంటే ఆరు నెలల దాకా జైలు, లేదంటే రెండూ అని పెట్టిన్రు. జరిమానా కట్టి బయటపడొచ్చు. ఇన్సూరెన్స్‌తోని బయటపడలేవు. ప్రమాదమైతే ముందు వాళ్లు చూసేది బండిని ఎక్కడ మార్చినవనే. కొర్రి పెట్టడానికి వాళ్లు సాకు కోసం చూస్తుంటే, మనం పోయి వంద లీటర్ల సాకు చేతికిస్తున్నం. కోర్టు మెట్లు ఎక్కేది మనం, అమ్ముకునేది మన ఎకరం.

ఇంక పాత బండి కొనుడు సంగతి. ఢిల్లీ చుట్టుపక్కల పదేండ్లు దాటిన డీజిల్ బండ్లు తిరగొద్దని 2015ల గ్రీన్ ట్రిబ్యునల్ చెప్పింది, 2018ల సుప్రీంకోర్టు ఆ మాటను నిలబెట్టింది. అక్కడ ధర పడిపోయిన బండ్లను బ్రోకర్లు ఇటు తోలుకొస్తున్నరు. "అన్నా, ఇక్కడి ధరల సగానికే" అంటరు. ఆ సగం ఎట్ల నిండుతదో చెప్పరు. అక్కడి ఆర్టీఏ నుంచి ఎన్‌ఓసీ తేవాలె. ఇక్కడ పన్ను కట్టాలె, నంబర్ మార్చుకోవాలె. పసుపు ప్లేటు బండికి ఎనిమిదేండ్లు దాటినంక ఏటా ఫిట్‌నెస్ చేయించాలె. కింద ట్యాంకు వేలాడుతుంటే ఫిట్‌నెస్‌ల ఏమంటరో మీరే ఆలోచించుకోండ్రి.

అప్పు లెక్క ఒకటి వేద్దాం. ఆరు లక్షలు పెట్టి ఫోర్ బై ఫోర్ కొన్నవు. బ్యాంకు పాత బండికి ఇయ్యనన్నది, షావుకారి దగ్గర రెండు రూపాయల మిత్తికి తెచ్చినవు. నెలకు మిత్తి 12 వేలు, ఏడాదికి 1,44,000. అసలు అట్లనే ఉన్నది. నాలుగెకరాల రైతు ఏడాదిల మార్కెట్‌కు 40 ట్రిప్పులు పోతడనుకుందాం. ట్రిప్పుకు కిరాయి 2,500 ఇచ్చినా లక్ష రూపాయలు. అంటే నీ మిత్తి కిరాయి కంటే ఎక్కువ. డీజిల్, టైర్లు, ఇన్సూరెన్స్ ఇంకా లెక్కలకు రాలే. ఊళ్ల నలుగురి సరుకు కూడా మోసేటోనికి బండి గిట్టుబాటైతది. ఒక్కని నాలుగెకరాలకు కాదు.

అయినా కొంటనంటవా, కొను. మామూలు టూ వీల్ పికప్ కొను. మన జహీరాబాద్ ఫ్యాక్టరీల తయారైన బండ్లే కావల్సినన్ని ఉన్నయి, సామాను మండలంలనే దొరుకుతది. కొనేముందు ఇవి చూడండ్రి:

1. పొద్దుగాల, చెప్పకుండ పోండ్రి. బానెట్ మీద చెయ్యి పెట్టండ్రి. వెచ్చగుంటే ముందే స్టార్ట్ చేసి పెట్టిండన్నట్టు. చల్లటి ఇంజన్ ఎట్ల స్టార్ట్ అయితదో చూడాలె.

2. ఇంజన్ నడుస్తుండంగ ఆయిల్ మూత తీయండ్రి. పొగ బుసబుస కొడితే ఇంజన్ లోపల అరిగింది. నీలం పొగ వస్తే ఆయిల్ తాగుతున్నది.

3. బండి కింద పండుకుని ఛాసిస్ చూడండ్రి. కొత్త పెయింట్, కొత్త వెల్డింగ్ ఉంటే వదిలేయండ్రి. ఛాసిస్ నంబర్, ఇంజన్ నంబర్ ఆర్సీతో కలవాలె.

4. గేర్ బాక్స్, డిఫరెన్షియల్ ఆయిల్ విప్పి చూపించుమనండ్రి. పాలు కలిసిన చాయ లెక్క ఉంటే నీళ్లల్ల మునిగిన బండి.

5. ఆర్సీల ఫైనాన్స్ పేరు ఉన్నదా చూడండ్రి. ఉంటే ఫైనాన్స్ వాడి ఎన్‌ఓసీ, ఫారం 35 చేతికొచ్చినంకనే పైసలు. చలాన్లు ఫోన్లనే కనబడ్తయి.

6. ఎవడైనా ముందే రెండో ట్యాంకు బిగించిన బండయితే, ఎంత సస్తకొచ్చినా ముట్టకండ్రి.

7. ఆర్సీ మీ పేరు మీదికి మారేదాక బ్రోకర్ మాటలు నమ్మకండ్రి. అమ్మేటోళ్లకు కూడా ఇదే మాట. పేరు మారకముందు ఆ బండి ఎవరినన్న గుద్దితే, ఆర్సీల పేరున్నోని మీదికే వస్తది.

ఇప్పుడు చివరికి చెప్తనన్న మాట. సీజన్ల డీజిల్ దగ్గర పెట్టుకోవాలె కదా. దానికి చట్టమే దారి ఇచ్చింది, మనమే చూస్తలేం. 1934 నాటి పెట్రోలియం చట్టం ప్రకారం డీజిల్ ఒక్కచోట 2,500 లీటర్లు దాటకుండ, ఒక్కో డ్రమ్ము వెయ్యి లీటర్లు మించకుండ పెట్టుకుంటే లైసెన్స్ అక్కర్లేదు. ఒక 200 లీటర్ల ఇనుప బ్యారెల్ ఏ రైతుకైనా చాలు. ఇంట్ల పెట్టొద్దు, పొయ్యికి, కరెంటు బోర్డుకు దూరంగ, పొలం కాడ నీడల కొట్టం కింద పెట్టండ్రి. మూత గట్టిగ బిగించి, కింద నాలుగు ఇటుకలు పేర్చి, చేతి పంపుతోని తీయండ్రి. అడుగున నీళ్లు దిగుతయి కాబట్టి అడుగు దాకా గుంజొద్దు. పక్కన ఇసుక బకెట్ పెట్టండ్రి. దీనికయ్యే ఖర్చు ఆ రెండో ట్యాంకుల పావు వంతు కూడా ఉండదు. బండి తేలికగుంటది, మనుషులు సల్లగుంటరు.

అంతకంటే పెద్ద మాట ఇంకోటున్నది. ఊరికి డీజిల్ దూరమైతే, ఒక్కొక్కరం బండి కింద ట్యాంకు కట్టుకుని తిరుగుడు రైతు తెలివి అనిపించుకోదు. సొసైటీకి మనమే సభ్యులం. ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాలు పెట్రోల్, డీజిల్ బంకు పెట్టుకునేందుకు 2023ల కేంద్రం దారి తెరిచింది. మన రాష్ట్రంల కొన్ని సొసైటీలు ఇప్పటికే బంకులు నడుపుతున్నయి. మన సొసైటీల ఎవరన్న ఎన్నడన్న అడిగిన్రా? మహాసభకు పిలిస్తే సంతకం పెట్టి చాయ తాగి వస్తున్నం. ఈసారి అడుగుదాం. వ్యాట్ సంగతి కూడా ఓట్లు అడగొచ్చినోన్ని అడుగుదాం. పక్క రాష్ట్రంల 21 అయినప్పుడు మన దగ్గర 27 ఎందుకని. రైతు ట్రాక్టర్‌కు పోసే డీజిల్ మీద అంత పన్ను ఎందుకని. ఆ ప్రశ్న అడగడానికి 15 వేలు ఖర్చు కాదు, ఎవరి ప్రాణం మీదికీ రాదు.

నా మాటకు కోపమొచ్చినోళ్లు నన్ను తిట్టండ్రి, పడ్త. కానీ రేపు వెల్డింగ్ షాపుకు బండి తోలేముందు, ఆ బండి వెనుక రోజూ నిలబడే ఆడోళ్లల్ల ఒకామెను పిలిచి, "ఇక్కడ కింద ఇంకో ట్యాంకు పెడ్తున్న, నీకు సరేనా?" అని అడగండ్రి. ఆమె సరేనంటే అప్పుడు నాతోని కొట్లాటకు రండ్రి.